గాలివాన లేని స్టేషన్

తెలుగు కథల్లో రైల్వే స్టేషన్ అంటే ఏదో ఒకటి జరిగి తీరవలసిన చోటు. పాత పరిచయం ఎదురుపడుతుంది. ఇల్లు వదిలిన అమ్మాయి బెంచీ చివర కనిపిస్తుంది. బండి కదులుతుండగా చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చాసో ‘ఏలూరెళ్ళాలి’లో రైలు ప్రయాణం లేకపోతే మాణిక్యమ్మ మళ్ళీ ఎదురయ్యేదే కాదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో స్టేషన్ లేకపోతే కథే లేదు. రైలు మన కథకులకు ఇచ్చిన గొప్ప వెసులుబాటు ఇదే. మామూలు రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కని మనుషుల్ని ఒకే కప్పు కింద కూర్చోబెట్టవచ్చు. వాళ్ళ మధ్య ఏం జరుగుతుందో చూడవచ్చు.

అయితే రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి స్టేషన్‌కి వచ్చి పోయే ఆడమనిషి సంగతేమిటి? ఆమెకు అక్కడ ఏమీ జరగదు. బండి వస్తుంది, ఎక్కుతుంది. మళ్ళీ వస్తుంది, దిగుతుంది. ఏమీ జరగని స్టేషన్ కథకు పనికిరాదా? ఈ ప్రశ్నతో ‘గాలివాన’ను ఒక శివారు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి మళ్ళీ చదవాలనిపించింది. ఆ స్టేషన్ ఫలక్‌నుమా. చదువుతున్న నేను కల్వకుర్తి ప్రాంతం నుంచి వచ్చినదాన్ని. ఈ రెండు విషయాలూ ముందే చెప్పడం మంచిది. ఎక్కడ నిలబడి చదువుతున్నామన్నది చదువులో భాగమేనని స్త్రీవాద విమర్శ మనకు నేర్పిన మొదటి పాఠం కదా.

కల్వకుర్తికి రైలు లేదు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు రోడ్ల కూడలి. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు, జడ్చర్ల నుంచి కోదాడ పోయే రోడ్డు ఇక్కడ కలుస్తాయి. రైలు ఎక్కాలంటే పడమటికి జడ్చర్ల దాకా పోవాలి. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి మీదుగా తూర్పుకు లైను వేయాలన్న మాట దశాబ్దాలుగా వింటున్నదే. రాయచూరు నుంచి గద్వాల దాకా 2013లో బండ్లు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఇవతలికి పట్టాలు రాలేదు. సర్వేలు వచ్చాయి, ఎన్నికల హామీలు వచ్చాయి. అందుకే మా ప్రాంతపు ఆడవాళ్ళకు రైల్వే స్టేషన్ సొంత ఊరి జ్ఞాపకం కాదు. పుట్టింటికి పోవడానికో, తీర్థానికి పోవడానికో చిన్నప్పుడు ఎక్కిన బండి కాదు. ఊరు విడిచి పనికి పోయాక మాత్రమే వాళ్ళకు స్టేషన్ పరిచయమవుతుంది. మాకు స్టేషన్ ఊళ్ళో ఉండదు, వలసలో ఉంటుంది.

కల్వకుర్తి నుంచి బస్సు వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ, పహాడీషరీఫ్ దాటి చాంద్రాయణగుట్ట దగ్గర నగరంలోకి చొరబడుతుంది. అక్కడికి దగ్గరలోనే ఫలక్‌నుమా. పేరుకు అర్థం ఆకాశానికి అద్దమని. 1884లో వికారుల్ ఉమ్రా గుట్ట మీద కట్టడం మొదలుపెట్టిన ప్యాలెస్ పేరే కింది బస్తీకీ, స్టేషన్‌కీ వచ్చింది. ప్యాలెస్ 2010లో పెద్ద హోటలు అయింది. గుట్ట కింద జంగమ్మెట్, ఇంజన్‌బౌలి, అలియాబాద్, శంషేర్‌గంజ్ గల్లీలు ఉన్నాయి. ఫలక్‌నుమా అన్న మాట పర్యాటకుల పుస్తకంలో ఒకలాగా, ఇక్కడ టికెట్ కిటికీ ముందు నిలబడ్డవాళ్ళ నోట ఇంకోలాగా వినిపిస్తుంది. ఒకరికి అది చేరవలసిన చోటు. ఇంకొకరికి మారవలసిన చోటు.

2003 ఆగస్టు 9న హైదరాబాదులో ఎంఎంటీఎస్ లోకల్ బండ్లు మొదలయ్యాయి. 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా పొడిగించేవరకు, సుమారు ఇరవై ఏళ్ళు, దక్షిణం వైపు ఆ బండ్లకు ఆఖరి స్టేషన్ ఫలక్‌నుమాయే. పాలమూరు నుంచి వచ్చే పెద్ద లైను ఇదే దారిన కాచిగూడకు పోతుంది. అయినా లోకల్ బండి లెక్కలో నగరం ఇక్కడితో అయిపోయేది. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్, సీతాఫల్‌మండి, సికింద్రాబాదు. ఈ పేర్లను వరసగా చదివితే నగరం కులమూ మతమూ తరగతీ పేరుపేరునా పలికినట్టుంటుంది. పరిశోధన చేసే రోజుల్లో నేను ఊరికి పోయి వచ్చినప్పుడల్లా చాంద్రాయణగుట్టలో బస్సు దిగి, ఫలక్‌నుమాలో బండెక్కి, ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో దిగేదాన్ని. అదే పెట్టెలో నా పక్కన కూర్చున్నవాళ్ళు నాకంటే ముందో, నా తర్వాతో దిగి ఇళ్ళు కట్టే పనికి, ఇళ్ళు ఊడ్చే పనికి, ఆస్పత్రుల్లో ఆయా పనికి పోయేవాళ్ళు. టికెట్ ఒకటే. దిగే చోటే వేరు.

లేడీస్ పెట్టెలో ఫలక్‌నుమా దగ్గర ఎక్కేవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉంటారు. సద్ది గిన్నె, చుట్టబట్ట, ఒక పాత చొక్కా మూటలో ఉంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటే సిమెంటు ఒంటికి అంటదు. యాకుత్‌పురాలో, డబీర్‌పురాలో బురఖాలు ఎక్కుతాయి. వాళ్ళలో ఇంటి దగ్గర జర్దోజీ పనో, గాజుల పనో చేసి సరుకు అప్పజెప్పడానికి పోయేవాళ్ళుంటారు. కాచిగూడలో కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు. ముందు ఎక్కినవాళ్ళకు సీటు దొరకాలి కదా. దొరికినా, తర్వాత ఎక్కినవాళ్ళు పక్కన కూర్చోవడానికి ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఆ ఒక్క క్షణం మన సాహిత్యానికి ఇంకా అందలేదని నాకనిపిస్తుంది.

ఒక సాయంత్రం ఆ ప్లాట్‌ఫారం మీద వెల్దండ వైపు ఊరి పెద్దావిడ ఒకామె బండి దిగి కూడా కదలకుండా గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. చీకటి పడుతోంది. ఇంటికి పోవా అవ్వా అని అడిగాను. ఆమె నవ్వింది. “పోత బిడ్డా. ఇంటికి వోతే ఇంటి పని, పొద్దున లేస్తే మేస్త్రి పని. నడుమ గీడ జరంతసేపు కాళ్ళు సాపుకుంట. నన్ను పిలిసెటోళ్ళు గీడ ఎవ్వలుంటరు?” అంది.

ఎదురుచూపు మన కవిత్వానికి విరహం. మన కథకు ఉత్కంఠ. ఆమెకు మాత్రం అది తీరిక. రోజంతటిలో ఎవరి పిలుపూ అందని అరగంట. భర్త, కొడుకు, మేస్త్రి, ఇంటి యజమానురాలు, వీళ్ళెవరికీ చెందని ఒక బారెడు నేల. ఇది తెలిశాక ‘గాలివాన’లోని వెయిటింగ్ రూమును నేను మునుపటిలా చదవలేకపోయాను.

కథ మనందరికీ తెలిసిందే. రావుగారు పేరున్న లాయరు. జీవితానికి నియమాలు ఏర్పరచుకుని, ఇంటిల్లిపాదినీ ఆ నియమాల ప్రకారం నడిపించిన పెద్దమనిషి. ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళుతుంటాడు. పెట్టెలోకి ఒక ముష్టిది వస్తుంది. గలగలా మాట్లాడి అందరి దగ్గరా డబ్బులు రాబడుతుంది. ఆయన మాత్రం ఇవ్వడు, ముష్టి వేయడం ఆయన నియమాలకు విరుద్ధం. గాలివాన మొదలవుతుంది. చిన్న స్టేషన్‌లో దిగిన ఆయన, ఆ ముష్టిది ఒకే గదిలో చిక్కుకుంటారు. భయంతో, చలితో వణికిపోతున్న ఆయనకు ఆమె ధైర్యం చెబుతుంది. తన ఒంటి వేడిని ఇస్తుంది. తెల్లవారి చూస్తే ఆమె చనిపోయి ఉంటుంది. చేతిలో ఆయన పర్సు, దగ్గరలో స్టేషన్ టికెట్ల డబ్బు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ఈ కథకు రెండో బహుమతి వచ్చింది. పద్మరాజు మరణానంతరం 1985లో ఇదే పేరుతో ఉన్న కథల పుస్తకానికి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. డెబ్బై ఏళ్ళుగా ఇది తెలుగు కథ ప్రపంచానికి చూపించుకునే ముఖం.

ఒకసారి డిగ్రీ పిల్లలకు ఈ కథ చెబుతున్నాను. తండా నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి, “మేడమ్, ఆమె పేరేంది?” అని అడిగింది. పేరు లేదని చెప్పాను. ముష్టిది అనే కథలో ఉంటుందన్నాను. “మరి ఆయనకుంది కదా మేడమ్” అంది. తరగతిలో కొందరు నవ్వారు. నాకు మాత్రం కథలోని చివరి పని ఒకటి గుర్తొచ్చింది. రావుగారు ఆ చచ్చిపోయిన చేతిలోంచి పర్సు లాక్కోలేకపోతాడు. తన పేరున్న కార్డు ఒక్కటి తీసుకుని పర్సు అక్కడే వదిలేస్తాడు. విమర్శకులు దీన్ని ఆయన హృదయం మెత్తబడిన గుర్తుగా చదివారు. అది నిజమే. కానీ ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆయన డబ్బు వదులుకున్నాడు, పేరు వదులుకోలేదు. ఆ గదిలో తాను ఉన్న ఆనవాలు తీసేశాడు. ఆమెకు మొదటి నుంచీ తీసేయడానికి పేరే లేదు. రేపు పొద్దున స్టేషన్‌కి వచ్చినవాళ్ళు చూసేది ఒక శవాన్ని, ఒక పర్సును. ఆ రాత్రి ఆమె ఒక మనిషిని నిలబెట్టిందని చెప్పే సాక్షి, సాక్ష్యం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన లాయరు కూడా!

ఈ కథలో పని చేసింది ఎవరు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. గాలివాన వచ్చిన రాత్రి రావుగారి చదువు, వాదన, నియమాలు ఏవీ పనికిరావు. పనికొచ్చినవి ఆమె చేతులు, ఆమె అనుభవం, ఆమె ఒళ్ళు. స్త్రీలు ఇళ్ళలో కూలి లేకుండా చేసే సంరక్షణ పనినే ఆమె స్టేషన్‌లో చేసింది. దానికి కథ పెట్టిన పేరు మానవత్వం, స్పర్శ, జీవితం. ఆమె తీసుకున్న డబ్బుకు మాత్రం దొంగతనం అన్న పేరు ఒక్కటే మిగిలింది. కథకుడు ఆ మాటను తీర్పుగా అనలేదు, నిజమే. పైగా రావుగారు ఆ దొంగతనాన్ని కూడా ప్రేమతో చూడగలుగుతాడు. అయినా అది కూలి కావచ్చునన్న ఊహ ఆయనకు రాదు, మనకూ రాదు. ఒక మనిషిని రాత్రంతా బతికించిన పనికి ధర ఎంత? ఆ లెక్క వేయడం అనాగరికంగా తోస్తుంది. ఆడవాళ్ళ పని విషయంలో లెక్క ఎప్పుడూ అనాగరికంగానే తోస్తుంది.

పద్మరాజును తీసిపారేయాలని నేను చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఒక ముష్టిదాన్ని పతితగానో, దేవతగానో చేయకుండా, ఆకలి, చలాకీతనం, దురాశ, దయ అన్నీ ఉన్న మనిషిగా నిలబెట్టిన కథ అది. ఆమె చావు శిక్ష కాదు. నీతి చెప్పడానికి కాదు. ఆ నిజాయితీ ఉన్నందువల్లనే డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా మనం ఆ కథను ఇంత దగ్గరగా చదవగలుగుతున్నాం. నా అభ్యంతరం కథ నిలబడ్డ చోటు గురించి. ఆమె గురించి మనకు తెలిసేదంతా రావుగారి కళ్ళకు, చెవులకు అందినంత మేరకే. ఆయన నిద్రపోతే మనమూ నిద్రపోతాం. ఆమె లేచి టికెట్ల గదివైపు వెళ్ళిన ఆ నడక, ఆ గాలిలో, ఆ చీకటిలో, ఏ లెక్కతో, ఎవరిని తలుచుకుని వెళ్ళిందో, మనం చూడలేదు. కథలో అత్యంత సాహసమైన ప్రయాణం అదే. దాన్ని కథ చూడలేదు. ‘ఏలూరెళ్ళాలి’లో కూడా ఇంతే. బతుకు లెక్క వేసుకుని, ఆ లెక్క గెలిచిన ఆడమనిషి మాణిక్యమ్మ. కానీ ఆమె కథ మనకు అందేది మగవాడి జ్ఞాపకంలోంచే.

రైలు పెట్టెలో ఆడదానికి ఉన్న చోటు గురించి చట్టం ఏమంటుందో చూస్తే ఈ చూపు కథకులది మాత్రమే కాదని తెలుస్తుంది. 1989లో చేసిన రైల్వే చట్టం 58వ సెక్షన్ ప్రతి ప్యాసింజర్ బండిలోనూ ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చోటు కేటాయించమంది. అదే చట్టం 144వ సెక్షన్ అనుమతి లేకుండా అమ్ముకోవడాన్ని, అడుక్కోవడాన్ని పక్కపక్కనే పెట్టి నేరాలుగా రాసింది. టికెట్ కొన్న స్త్రీకి రక్షణ. పల్లీలో, పూలో, జామకాయలో బుట్టలో పెట్టుకుని ఎక్కిన స్త్రీకి జరిమానా. ఒకే మనిషి పొద్దున ప్రయాణికురాలు, మధ్యాహ్నం నేరస్థురాలు కావచ్చు. ‘గాలివాన’లో రావుగారి నియమాలకూ ఈ సెక్షన్లకూ పెద్ద తేడా లేదు. రెండూ ఆడదాన్ని బండిలో ఒప్పుకుంటాయి, పని చేసే ఆడదాన్ని ఒప్పుకోవు.

ఇదే లైనులో కాచిగూడ స్టేషన్ ఉంది. 1916లో కట్టిన ఆ భవనంలో ఘోషా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా బండెక్కడానికి ఒక వైపు విడిగా ఉంచారని చెబుతారు. ఆ ఏర్పాటును మెచ్చుకుంటూ రాసినవి చాలా చూశాం. నాకు ఒక సందేహం. అంత పెద్ద భవనానికి ఇటుకలు, సున్నం మోసిన ఆడవాళ్ళు ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు నుంచి పోయారు? స్టేషన్లలో ఆడవాళ్ళకు చోటు ఇచ్చిన ప్రతిసారీ అది పరువును కొలిచి ఇచ్చిందే, అవసరాన్ని కొలిచి ఇచ్చింది కాదు. పరువుకు తెర కావాలి. అవసరానికి నీళ్ళు కావాలి, మరుగుదొడ్డి కావాలి, కాళ్ళు చాపుకునే చోటు కావాలి. శివారు స్టేషన్లలో ఈనాటికీ వెతుక్కోవలసినవి ఇవే.

అనితా నాయర్ ‘లేడీస్ కూపే’ (2001) నవల ఇక్కడ గుర్తుకు వస్తుంది. పెళ్ళి కాని, నలభై అయిదేళ్ళ ఆదాయపు పన్ను శాఖ గుమాస్తా అఖిల బెంగుళూరు నుంచి కన్యాకుమారికి ఒంటరిగా బయలుదేరుతుంది. కూపేలో ఉన్న అయిదుగురు స్త్రీలు తమ కథలు చెబుతారు. ఆడవాళ్ళకు కేటాయించిన చోటు ఆడవాళ్ళు మాట్లాడుకునే చోటుగా మారడం ఆ నవల సాధించిన విజయం. మగవాడి చూపు అక్కడ లేదు. కానీ కూపేలో ఒక రాత్రి ఉంటుంది, తలుపు ఉంటుంది, పడక ఉంటుంది. కథ చెప్పడానికి తీరిక ఉంటుంది. లోకల్ బండిలో ఇవేవీ లేవు. ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాదు దాకా పట్టేది ఏ రాత్రీ కాదు. నిలబడి, కమ్మీ పట్టుకుని, మూట కాళ్ళ మధ్య పెట్టుకుని ఎవరూ తమ జీవితకథ చెప్పరు. చెప్పేది ముక్కలు ముక్కలుగా, ఇవాళ కొంత, రేపు కొంత. ఎల్లుండి ఆమె రాకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది.

పాలమూరు వలస గురించి మన దగ్గర రాతలు తక్కువేమీ కాదు. పాలమూరు లేబర్ అన్న మాటే దేశంలో చాలా ప్రాజెక్టుల పునాదుల్లో ఉంది. అడ్వాన్సు తీసుకుని గుంపు మేస్త్రి వెంట పోవడం, సంవత్సరాల తరబడి అప్పు తీరకపోవడం పాటల్లో, వ్యాసాల్లో, ఉద్యమంలో మారుమోగాయి. తెలంగాణ ఉద్యమం ఆ గోసను తన గోసగా చెప్పుకుంది. కానీ ఆ లేబర్ అన్న మాట వినగానే మన మనసులో కనిపించేది గడ్డపార పట్టిన మగవాడు. అతని వెనక తట్ట ఎత్తుకున్నది అతని భార్య. అడ్వాన్సు అతని చేతికి, ఆమె కూలి చాలాచోట్ల అతని లెక్కలోకి. వలస చరిత్రలో ఆమె సామానుతో పాటు వచ్చింది.

గోరటి వెంకన్న మా జిల్లావాడే, తెలకపల్లి మండలం గౌరారం. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో కూలిపోయిన చేతివృత్తుల పల్లెను చూశాడు. ‘గల్లీ చిన్నది’ పాటలో నగరపు పేదల గల్లీని చూశాడు. ఆ రెండు పాటల్నీ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఒకటి బయలుదేరిన చోటు, ఒకటి చేరిన చోటు. ఆ రెండింటి మధ్య, పల్లె దిగి గల్లీలోకి నడిచే చోటు ఒకటుంది. బస్టాండు, అడ్డా, స్టేషన్. పల్లెలో ఆమె ఫలానావాళ్ళ కోడలు. గల్లీలో ఫలానావాళ్ళ ఇంట్లో కిరాయికున్న మనిషి. ఆ నడిమిట్ల చోటులో మాత్రం ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఆమె సొంత మనసు వినిపించేది అక్కడే. అక్కడికి రాత చేరాలి.

చేరే దారులు లేకపోలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రాతను 1921 నుంచి ఒకచోట చేర్చి, పనిని మొహం తిప్పుకోకుండా చూసే చూపు మనకు ఎప్పటి నుంచో ఉందని నిరూపించింది. జూపాక సుభద్ర ‘కొంగు’ కవితలో కొంగు సిగ్గుకు కాపలాగా మిగలదు. పనిలో చెలికత్తెలా, పనిముట్టులా వెంట ఉంటుంది. లేడీస్ పెట్టెలో చుట్టబట్టగా, మూటగా, చెమట తుడిచే గుడ్డగా, నిద్రలో మొహం మీద తెరగా మారే కొంగులను చూసినప్పుడు ఆ కవిత నాకు బాగా అర్థమైంది. యాకుత్‌పురాలో ఎక్కే ఆడవాళ్ళను చూసినప్పుడు షాజహానా ‘నఖాబ్’ (2005) గుర్తొస్తుంది. బురఖాను బయటి నుంచి చూసి జాలిపడే మన చూపును అది లోపలి నుంచి ప్రశ్నిస్తుంది. కొంగు, నఖాబు పక్కపక్కన కూర్చునే చోటు ఈ బండి. రెండు సాహిత్యాలూ వేరువేరు సంకలనాల్లో ఉన్నాయి. వాటి మనుషులు మాత్రం రోజూ ఒకే బెంచీ మీద ఉన్నారు.

ఊరికే కూర్చునే హక్కు గురించి కూడా ఒక మాట. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి ఆడవాళ్ళ గురించి రాసిన ‘వై లాయిటర్?’ (2011) పుస్తకం, బహిరంగ ప్రదేశంలో స్త్రీ ఎప్పుడూ ఏదో పని మీద ఉన్నట్టు కనిపించాలన్న ఒత్తిడిని చూపించింది. పని లేకుండా తిరగడం మగవాడికి అలవాటు, ఆడదానికి అనుమానం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చినప్పుడు ఎన్ని జోకులు విన్నాం! జీరో టికెట్ పట్టుకుని ఊరికే తిరుగుతున్నారని, బస్సులోనే కూరగాయలు తరుగుతున్నారని. ఆ నవ్వుల్లో ఉన్నది డబ్బు బాధ ఒక్కటే కాదు. కల్వకుర్తి నుంచి ఒక ఆడమనిషి కారణం చెప్పకుండా నగరానికి వచ్చి పోగలదన్న ఊహే చాలామందికి మింగుడు పడలేదు. నిజానికి ఆ బస్సుల్లో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఊరికే తిరిగేవాళ్ళు కాదు, పనికి, ఆస్పత్రికి, కూతురి పురుడుకు పోయేవాళ్ళు. అయితే నేను ఆ సమాధానం చెప్పదలుచుకోలేదు. ఊరికే తిరిగినా తప్పేమిటి? ముంబయి పరిశోధకుల వాదనకు మా ప్రాంతపు అవ్వ చేర్చింది ఒకటుంది. ఒళ్ళు హూనమైన మనిషికి ఊరికే కూర్చోవడం విలాసం కాదు, వైద్యం.

2020 మార్చిలో లాక్‌డౌనుతో లోకల్ బండ్లు ఆగిపోయాయి. 2021 జూన్‌లో గానీ మళ్ళీ కదలలేదు. పదిహేను నెలలు. వలస కూలీలు నడిచిన ఫోటోలు ఆ రోజుల్లో అందరం చూశాం, కవితలు రాశాం. అది గాలివాన. ఆ గాలివానలో వాళ్ళు మనకు కనిపించారు. బండ్లు మళ్ళీ మొదలయ్యాక, ఆ మనుషులే సద్ది మూటలతో మళ్ళీ ఎక్కాక, కవితలు ఆగిపోయాయి. మన సాహిత్యపు చూపుకు విపత్తు కావాలి. పేదరాలు కనిపించాలంటే తుఫాను రావాలి, లేదా ఆమె చచ్చిపోవాలి. ‘గాలివాన’ నుంచి లాక్‌డౌన్ కవిత దాకా ఈ అలవాటు మారలేదు.

కథాశిల్పం గురించి మన విమర్శ చాలా మాట్లాడింది. సంఘటన, సంఘర్షణ, మలుపు, ముగింపు. ఈ కొలతల్లో రోజూ జరిగేది ఇమడదు. ఆడవాళ్ళ పనంతా రోజూ జరిగేదే. అందుకే వంటిల్లు చాలాకాలం సాహిత్య వస్తువు కాలేదు. స్త్రీవాద రచయిత్రులు పట్టుబట్టి దాన్ని వస్తువు చేశారు. ఏమీ జరగని వంటింట్లో ఎంత జరుగుతుందో చూపించారు. శివారు స్టేషన్ విషయంలో ఆ పని ఇంకా మిగిలి ఉంది. లాయరూ, ముష్టిదీ ఒకే గదిలో చిక్కుకోవడానికి పద్మరాజుకు ఒక తుఫాను అవసరమైంది. లోకల్ బండిలో వాళ్ళు రోజూ ఒకే పెట్టెలో ఉన్నారు. ఎవరి నియమాలూ కూలిపోవడం లేదు. ఎవరి హృదయమూ మెత్తబడటం లేదు. పక్కన కూర్చోవడానికి తటపటాయించిన ఆ క్షణం అలాగే ఉంది. తుఫాను లేకుండా ఆ క్షణాన్ని పట్టుకోగల కథ ‘గాలివాన’ కంటే కష్టమైన కథ.

ఆ కథ వచ్చేలోపు పాత కథను చెప్పే పద్ధతినైనా మార్చుకోవచ్చు. ‘గాలివాన’ను తరగతిలో చెప్పే అధ్యాపకులు రావుగారిలో వచ్చిన మార్పును వివరించమని ప్రశ్న ఇస్తారు. దాని పక్కన ఇంకో ప్రశ్న ఇవ్వమని నా మనవి. ఆ రాత్రి ఆమె చేసిన పనులన్నీ వరసగా రాయండి, వాటికి కూలి కట్టండి. పాలమూరు పిల్లలు ఈ లెక్క తప్పు చేయరు. వాళ్ళ అమ్మల కూలి లెక్క వాళ్ళకు కంఠతా వచ్చు. టికెట్ల గదివైపు ఆమె నడిచిన ఆ నాలుగడుగులు ఎలా ఉండి ఉంటాయో కూడా వాళ్ళలో ఎవరో ఒకరు రాస్తారు. ఆమెకు ఒక పేరు పెట్టే రాస్తారు.